తుమ్ములకి అల్లం, శొంఠి: తూకం, తయారీ, ఎక్కడ తేడా కొడుతుంది

అల్లం పనిచేస్తుందా లేదా అన్నది రెండో మాట. ముందు ఆ తుమ్ములు దేనివల్ల వస్తున్నాయో తేల్చుకోవాలి. విశాఖలో దీనికి ఒకే జవాబు ఉండదు. గాలిలో ఏడాది పొడుగునా తేమ ఉండే ఊరు కాబట్టి పరుపుల్లో, దిళ్ళలో కంటికి కనబడని డస్ట్ మైట్లనే పురుగులు బాగా పెరుగుతాయి. పొద్దున దుప్పటి మడతపెడుతుండగానే వరసగా తుమ్ములొచ్చి, ఎండెక్కేసరికి సర్దుకుంటే అనుమానించాల్సింది వాటినే. వానాకాలంలో గోడ చెమ్మ మీదా, ఏసీ ఫిల్టర్లలోనూ పట్టే బూజు ఇంకో రకం. ఏసీ వేసిన కాసేపటికే ముక్కు కారడం మొదలైతే అది దాని పనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఊళ్ళో చెట్లు పోయాక, త్వరగా ఎదుగుతాయని రోడ్ల పక్కన నాటినవాటిలో ఏడాకుల చెట్లు చాలా ఉన్నాయి. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో ఆ పూత ఘాటుకి ముక్కు మండి తల బరువెక్కిందనేవాళ్ళు ఏ కాలనీకి వెళ్ళినా కనబడతారు. ఇక పాతపట్నం, జ్ఞానాపురం వైపు కిటికీ చట్రం మీద వేలు రాస్తే నల్లగా అంటుకునే ధూళి ఉంది. దాన్ని ఎలర్జీ అనలేం. అది ముక్కు లోపలి పొరని గీరేస్తుంది, అంతే. దానికి అల్లం తాగి లాభం లేదు, ముక్కు కడుక్కోవాలి.

అల్లం, శొంఠి తూచి వాడటం, అడిగినవాళ్ళకి చేసిపెట్టడం చాలాకాలంగా చేస్తున్న పని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. నీళ్ళలా కారే ముక్కు, గొంతులో గీర, అంగిట్లో దురద ఉన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది. ముక్కు దిబ్బడకి ఉపయోగం తక్కువ. కళ్ళ దురదకి అసలు పనిచేయదు. చర్మం మీద దద్దుర్లకి నేను ఇవ్వను. పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్ళు ఇన్హేలర్ పక్కనపెట్టి కషాయం తాగడం ప్రమాదం, అది ఎవరు చెప్పినా వినకండి.

అల్లంలో ఘాటు జింజెరాల్స్ అనే పదార్థాలది. పచ్చి అల్లంలో ఇవి ఎక్కువ. ఎండేటప్పుడు వీటిలో కొంత షోగాల్స్‌గా మారుతుంది, అవి ఇంకా ఘాటు. శొంఠి చిటికెడు వేసినా గొంతు పట్టుకునేది అందుకే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో జింజెరాల్ ఎలర్జీని నడిపించే టీ కణాల (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) జోరు తగ్గించినట్టు తేలింది. మనుషుల మీద చెప్పుకోదగ్గ పరీక్ష 2020లో థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. ముక్కు ఎలర్జీ ఉన్న 80 మందిని రెండు జట్లు చేసి, సగం మందికి రోజుకి 500 మిల్లీగ్రాముల అల్లం సారం, మిగతా సగానికి 10 మిల్లీగ్రాముల లోరాటడిన్ అనే ఎలర్జీ బిళ్ళ 6 వారాలు ఇచ్చారు. రెండు జట్లలోనూ బాధ దాదాపు సమానంగా తగ్గింది. వినడానికి బాగుంది గానీ, ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిన మూడో జట్టు ఆ పరీక్షలో లేదు. కాబట్టి తగ్గినదాంట్లో అల్లం వాటా ఎంతో దాన్నిబట్టి చెప్పలేం. పైగా అక్కడ వాడింది గాఢత పెంచిన సారం. మన ఇంట్లో శొంఠి పొడి 500 మిల్లీగ్రాములు తూచి వేసుకుంటే రెండూ ఒకటే అనుకోవడం తప్పు.

దీన్నుంచి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇది వారాల మీద పనిచేసే వ్యవహారం. అల్లం టీ తాగిన ఐదు నిమిషాలకి ముక్కు తేలికపడితే అది వేడి ఆవిరి మహిమే గానీ అల్లానిది కాదు. వేణ్ణీళ్ళు తాగినా అంతే జరుగుతుంది.

అల్లం కొనడం

పాడేరు, చింతపల్లి ఏజెన్సీ అల్లం (2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా) డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రైతుబజార్లకి బాగా దిగుతుంది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, పూర్ణా మార్కెట్ ఎక్కడైనా సరే, చిన్న కణుపులతో, పీచుతో, మట్టి అంటుకుని ఉండే నాటు అల్లం అడగండి. విరిస్తే ఫెళ్ళున విరిగి పీచు సాగాలి, వాసన చేతికి పట్టాలి. లావుగా, నున్నగా, కడిగి మెరిపించిన అల్లం వంటకి సులువు, మందుకి ఘాటు చాలదు. గోరుతో అలా రాస్తే చాలు పొట్టు మొత్తం ఊడొచ్చేస్తుంటే యాసిడ్ నీళ్ళలో కడిగారేమో అని అనుమానించి వదిలేయడం మంచిది. కోసినప్పుడు మధ్యలో లేత నీలి వలయం కనబడితే భయపడక్కర్లేదు, కొన్ని రకాలకి అది సహజం. తెల్లగానో పచ్చగానో బూజు పట్టిన ముక్కని మాత్రం ఆ మేరకి కోసి మిగతాది వాడకండి, మొత్తం పారేయండి.

మన ఉత్తరాంధ్రలో మామిడల్లం ఎక్కువ దొరుకుతుంది. అది పసుపు జాతిది. పచ్చడికి అద్భుతం, ఈ పనికి మాత్రం పనికిరాదు. అందులో అల్లం ఘాటు ఉండదు.

జులైలో కొన్న అల్లాన్ని విశాఖ వంటింట్లో బుట్టలో వదిలేస్తే మెత్తబడి మొలకేస్తుంది. కడక్కుండా, పొడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే మూడు వారాలు ఆగుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే చెమట పట్టి పాడవుతుంది.

పచ్చి రసం

15 గ్రాముల అల్లం పొట్టు గీకి, తురిమి, పలచటి గుడ్డలో వేసి పిండండి. ఆ రసాన్ని గాజు గ్లాసులో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున సున్నంలా తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అది ఎక్కువగా పిండిపదార్థం. పైన తేరిన లేత పసుపు రసాన్ని మెల్లగా వంపుకుని, మడ్డి పారబోయండి. మన పెద్దవాళ్ళు ఈ పని తప్పకుండా చేసేవారు, నేనూ చేస్తాను. మడ్డితో తాగితే గొంతులో బరకగా తగిలి దగ్గు తెప్పిస్తుంది. తేరిన రసం ఒక చెంచా, తేనె ఒక చెంచా కలిపి, తిన్నాక పావుగంటకి తీసుకోవాలి. పరగడుపున తీసుకుంటే చాలామందికి గుండెల్లో మంట వస్తుంది. ఏడాది నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

రసం నిలవ చేయొద్దు. ముక్కులో వేయొద్దు. ముక్కులో అల్లం రసం చుక్కలు వేస్తే కఫం కరుగుతుందని చెప్పేవాళ్ళున్నారు, అది లోపలి పొరని కాల్చేస్తుంది.

కషాయం

ఇది రోజూ చేసుకోడానికి వీలైనది. 5 గ్రాముల అల్లం, 300 మిల్లీలీటర్ల నీళ్ళు. "అంగుళం ముక్క" అనే లెక్క నమ్మకండి, లావుని బట్టి ఆ ముక్క 5 గ్రాములూ తూగుతుంది, 15 గ్రాములూ తూగుతుంది. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుంటే సగం తగవు తీరిపోతుంది. అల్లాన్ని రోట్లో చితక్కొట్టి, స్టీలు గిన్నెలో చల్లటి నీళ్ళలోనే వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు మరగనివ్వండి. మూత తీసి మరిగిస్తే వాసన వీధిలోకి పోతుంది, తైలం గిన్నెలో మిగలదు. దాదాపు 200 మిల్లీలీటర్లకి వచ్చాక వడకట్టి, పెదవి కాలనంత వేడికి దిగాక తాగండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

టీలో కావాలంటే అల్లాన్ని ముందు నీళ్ళలో మరిగించి ఆ తర్వాత పాలు పోయండి. పచ్చి అల్లంలో మాంసకృత్తుల్ని విరగగొట్టే ఎంజైమ్ ఉంది, గోరువెచ్చటి పాలలో పచ్చి రసం పడితే విరిగిపోతాయి. మరిగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అయితే మన టీ కొట్లలో ఇచ్చే అల్లం టీలో ఒక కప్పుకి పడే అల్లం ఎంత అని లెక్కేస్తే, దాన్ని మందు పద్దులో రాయడం కష్టం.

ఒక ఇబ్బంది ఎవరూ ముందుగా చెప్పరు. ఘాటైన పదార్థం నోట్లో పడగానే కొందరికి ముక్కు కారుతుంది, మిరపకాయ బజ్జీ తిన్నప్పటి లాగా. ఎలర్జీతో దానికి సంబంధం లేదు, అది నరాల ప్రతిస్పందన. కషాయం తాగిన అరగంటలో ముక్కు ఇంకా ఎక్కువ కారుతోందంటే అల్లం పడలేదని వెంటనే మానేయక్కర్లేదు. సగానికి తగ్గించి, పలచన చేసి చూడండి. అప్పటికీ కారుతుంటే మానేయండి. పెదవులు, నాలిక దురద పెడితే మాత్రం సగాలూ పావులూ వద్దు, పూర్తిగా మానేయండి. అల్లమే పడనివాళ్ళు అరుదైనా ఉంటారు.

శొంఠి ఇంట్లో ఎండబెట్టడం

బజారు శొంఠి కొమ్ములు చూడ్డానికి తెల్లగా ఉంటే అది సున్నపు పూత. అది లేని గోధుమరంగు కొమ్ము దొరికితే అదే కొనండి. కొమ్ము మీద సూది మొన అంత చిల్లులు, సంచి అడుగున సన్నటి పొడి కనబడితే పురుగు తొలిచింది. ఇన్ని చూసుకోవడం కంటే ఇంట్లో చేసుకోవడం నయం. కాకపోతే విశాఖలో శొంఠి చేయడమంటే గాలిలో తేమతో పోటీ.

కాలం ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలలు సరైనవి. ముదురు అల్లం అప్పటికి దిగి ఉంటుంది, ఎండ బాగుంటుంది, ఉక్కపోత ఇంకా పెరగదు. కిలో పచ్చి అల్లం తీసుకుంటే 200 గ్రాముల శొంఠి వస్తుంది, లేతదైతే ఇంకా తక్కువ. అల్లాన్ని రెండు గంటలు నీళ్ళలో నానేసి కణుపుల సందుల్లో మట్టి బ్రష్‌తో తోమండి. పొట్టు చాకుతో చెక్కకండి. సువాసన తైలం ఉండే గదులు పొట్టుకి ఆనుకునే ఉంటాయి, లోతుగా చెక్కితే అవి చెత్తబుట్టలోకి పోతాయి. వెదురు పుల్లతో గానీ చెంచా అంచుతో గానీ పైపైన గీకితే చాలు. తర్వాత 4 మిల్లీమీటర్ల మందాన చక్రాలు కోయండి. కొమ్ము కొమ్ముగా ఎండబెడితే మైదానంలో వారం, పది రోజుల్లో ఎండుతుంది గానీ, మన తేమలో పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మేడ మీద నులక మంచం వేసి దానిమీద పాత కాటన్ చీర పరవండి. సిమెంటు మీద నేరుగా పరిస్తే కింద చెమ్మ పట్టుకుంటుంది. చక్రాలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది, పైన పలచటి వాయిల్ గుడ్డ కప్పండి, దుమ్ము పడదు. మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. అసలు కిటుకు సాయంత్రం ఉంది. ఎండ దిగేలోపు లోపలికి తెచ్చేయాలి. నాలుగున్నర దాటితే సముద్రపు గాలిలో తేమకి, పగలంతా ఎండినది మళ్ళీ మెత్తబడుతుంది. ఇంట్లోకి తెచ్చాక చల్లారనిచ్చి, స్టీలు డబ్బాలో మూతపెట్టి పొద్దున మళ్ళీ పరవండి. మంచి ఎండైతే నాలుగైదు రోజులు.

ఎండిందో లేదో చూపుతో తెలియదు. చక్రాన్ని రెండు వేళ్ళతో వంచండి. వంగితే ఇంకా కావాలి. టక్కున విరిగి, విరిగిన అంచు లోపల కూడా పొడిగా ఉంటే అయింది. వంగే ముక్కలు నాలుగు సీసాలో పడినా వారం తిరిగేసరికి లోపల ఆకుపచ్చ బూజు కనబడుతుంది. ఎండబెడితే బూజు పోతుందనుకోకండి, అది వదిలిన విషం ఎండకి పోదు. మబ్బు పట్టి ఎండ మధ్యలో ఆగిపోతే ఓవెన్‌లో 50 నుంచి 55 డిగ్రీల మీద, తలుపు కాస్త తెరిచి పెట్టి పూర్తి చేయొచ్చు. 60 దాటించారో, వాసన పోయి ఉత్త కారం మిగులుతుంది.

పొడి కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తుమ్ముల మందు తయారీలో తుమ్ములొచ్చేది ఇక్కడే. ముందు రోట్లో ముక్కలుగా దంచి, తర్వాత మిక్సీలో ఆపి ఆపి తిప్పి, సన్నటి గుడ్డతో జల్లించండి. పైన మిగిలే పీచు చారులోకి పనికొస్తుంది. ఒకేసారి మొత్తం పొడి చేయకండి. చక్రాలుగా ఉంటే ఏడాది ఉంటుంది, పొడి మూడు నాలుగు నెలలకే వాసన తగ్గిపోతుంది. గాజు సీసా, బిగుతైన మూత, తయారు చేసిన నెల రాసిన చీటీ.

మోతాదు

చెంచా నిండా తలగొట్టిన శొంఠి పొడి దాదాపు 2 గ్రాములు. నేను వాడేది పూటకి 1 గ్రాము, అంటే అర చెంచా, తిన్నాక, రోజుకి రెండు పూటలు. 5 గ్రాముల పచ్చి అల్లం కూడా ఎండితే దాదాపు 1 గ్రామే కాబట్టి కషాయం తాగిన పూట శొంఠి వేసుకోవద్దు. అన్ని రూపాలూ కలిపి రోజుకి 4 గ్రాముల శొంఠి దాటించకూడదు, దాటిస్తే కడుపులో మంట, త్రేన్పులు, విరేచనాలు. ఏడాకుల పూతకి వచ్చే తుమ్ములైతే సెప్టెంబరు మధ్యలోనే మొదలుపెట్టాలి. పూత విచ్చాక మొదలుపెట్టి మూడో రోజుకి ఫలితం లేదని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

పొడి మింగలేనివాళ్ళకి ఉండలు చేస్తాను. 50 గ్రాముల శొంఠి పొడి, 100 గ్రాముల బెల్లం, 10 గ్రాముల నెయ్యి. బెల్లం తురిమి గిన్నెలో వేడిచేసి కరగ్గానే దించి, పొడి, నెయ్యి కలిపి, గోరువెచ్చగా ఉండగానే చుట్టేయాలి. 3 గ్రాములకి కొంచెం పైన, చిన్న గోళీకాయంత ఉండలో 1 గ్రాము శొంఠి ఉంటుంది. పాకం ముదిరితే ఉండ రాయి అవుతుంది. అనకాపల్లి బెల్లంలో ముదురు రంగుది ఎంచుకోండి. మరీ పచ్చగా మెరిసేది హైడ్రోస్ వేసి రంగు తేల్చింది కావచ్చు. అందులో మిగిలే గంధకపు లవణాలు ఉబ్బసం ఉన్న కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. ఎలర్జీ మందులో అది చేర్చుకోవడమెందుకు? షుగర్ ఉన్నవాళ్ళకి ఉండలు వద్దు, పొడి వేణ్ణీళ్ళతో చాలు.

త్రికటు చూర్ణం గురించి అడుగుతుంటారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమపాళ్ళలో. పిప్పళ్ళు మన ఏజెన్సీలోనే పండుతాయి కాబట్టి మంచి సరుకే దొరుకుతుంది. అయితే మిరియాల్లో, పిప్పళ్ళలో ఉండే పైపెరిన్ వేరే మందుల్ని శరీరంలో ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. ఆయాసానికి థియోఫిలిన్ రకం బిళ్ళలు, బీపీకి ప్రొప్రనలాల్, మూర్ఛకి ఫెనిటాయిన్ వాడేవాళ్ళు త్రికటు జోలికి వెళ్ళకూడదు. మామూలు తుమ్ములకి ఉత్త శొంఠి చాలు.

రక్తం పలచబడే మందులు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, రోజూ ఆస్పిరిన్) వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, ఆపరేషన్ దగ్గరపడినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు వంటలో తినే అల్లం వరకే ఉండి, అంతకుమించితే అడగాలి. ఆరేళ్ళలోపు పిల్లలకి నేను మందు మోతాదులో ఇవ్వను. ఇంకో కోవ ఉంది. రాత్రి పడుకోగానే పొడి దగ్గు, పొద్దున గొంతులో పులుపు. ఇది కడుపులో ఆమ్లం పైకి తన్నడం వల్ల వచ్చే దగ్గు. ఎలర్జీ అనుకుని అల్లం పెంచితే దగ్గు కూడా పెరుగుతుంది.

పనిచేస్తోందా లేదా

గుర్తు మీద ఆధారపడకండి, రాయండి. తుమ్ములు, కారడం, దిబ్బడ, దురద, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 12. డాక్టర్లు వాడే లెక్కే ఇది. రోజూ పడుకునే ముందు ఒక అంకె క్యాలెండర్ మీద వేయడానికి నిమిషం పట్టదు. అల్లం మొదలుపెట్టకముందు రెండు వారాలు, మొదలుపెట్టాక ఆరు వారాలు. పక్కనే ఆ రోజు వాన పడిందా, ఇల్లు దులిపారా, ఎలర్జీ బిళ్ళ వేసుకున్నారా అన్నది కూడా రాయండి. ఆ ఎనిమిది వారాల్లో ఇంకేదీ మార్చకండి. పరుపుకి కొత్త కవర్ తొడిగి, ఏసీ ఫిల్టర్ కడిగి, అదే వారం శొంఠి మొదలుపెడితే తగ్గిన ఘనత దేనిదో తేలదు. ఏడాకుల పూత ఎలాగూ డిసెంబరుకి రాలిపోతుంది. నవంబరు చివర ఏ మందు మొదలుపెట్టినా అది అమృతంలాగే కనబడుతుంది.

అంకె 9 నుంచి 6కో 5కో దిగితే కొనసాగించండి. 9 నుంచి 8కి దిగడాన్ని నేను తగ్గినట్టు లెక్కపెట్టను. అల్లంతో పాటు చేయాల్సిన పని ముక్కు కడగడం. కాచి చల్లార్చిన నీళ్ళు 240 మిల్లీలీటర్లు, అయోడిన్ కలపని ఉప్పు 2 గ్రాములు, సాయంత్రం ఇంటికొచ్చాక. కుళాయి నీళ్ళు నేరుగా వాడకూడదు, వాటిలో ఉండగల అమీబా ముక్కులోంచి మెదడుకి పోతుంది. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే మైట్లు చస్తాయి.

ఆరు వారాల తర్వాత కూడా అంకె దిగకపోతే పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. దగ్గు, పిల్లికూతలు ఉంటే చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రి. క్యాలెండర్ కాగితం పట్టుకెళ్ళండి, డాక్టర్‌కి మీ నోటిమాట కంటే అది ఎక్కువ చెబుతుంది. చర్మం మీద గుచ్చి చూసే ఎలర్జీ పరీక్ష రాస్తే సెట్రిజిన్ లాంటి బిళ్ళలు దాదాపు వారం ముందే ఆపమంటారు, లేకపోతే పరీక్ష తప్పు చూపిస్తుంది. శొంఠి, త్రికటు వాడుతున్నది కూడా అప్పుడే చెప్పండి. "అదేం మందులెండి" అని దాచేవాళ్ళు చాలామంది. పెదవులు, ముఖం వాచి, గొంతు బిగుసుకుని ఊపిరందకపోతే మాత్రం కషాయం, కాగితం ఏమీ వద్దు, 108కి ఫోన్ చేయండి.